మాట ఏ అడ్రసుకు పోయింది

ఫోన్ సర్వర్లు పెట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఎల్బీ నగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చదవాలి, ఏ కంపెనీ సామాను మంచిది అని అడుగుతారు. ఆ సంగతులు నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. నేను పని మానేసేనాటికే సగం సామాను పేర్లు మారిపోయాయి. అందుకని వాళ్లకు టీ ఇచ్చి, ఒక ఆఫీసులో జరిగిన సంగతి చెబుతాను. చాలామంది చివరిదాకా వింటారు. ఒకరిద్దరు మధ్యలోనే, "మేడం, అందులో ఏ సెట్టింగ్ తప్పు?" అని అడిగేస్తారు. వాళ్లకు కూడా జవాబు ఇందులోనే ఉంది, కాకపోతే కొంచెం ఆగాలి.

బోర్డు దగ్గర మొదలు

మాది నకిరేకల్ దగ్గర పల్లె. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక ఒక ప్రైవేటు కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. బోర్డు ముందు కూర్చుని, వచ్చిన ఫోన్‌ను ఎవరికి కావాలంటే వాళ్లకు కలపడం నా పని. కొన్నేళ్లకు ఆ కంపెనీ బోర్డు తీసేసి, ఫోన్లను తనే కలిపే కంప్యూటర్ లాంటి డబ్బా ఒకటి పెట్టింది. దాన్నే ఫోన్ సర్వర్ అంటారు. ఇక ఆపరేటర్ అక్కర్లేదన్నారు. ఆ డబ్బా పెట్టడానికి వచ్చినాయన ప్రసాద్ గారు. తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒక మేడ మీద చిన్న ఆఫీసు నడిపేవారు.

"ఏ ఫోన్ ఎక్కడికి వెళ్లాలో మీకే కదండీ తెలిసేది. పక్కన కూర్చుని చెబుతుండండి" అన్నారు నాతో.

నా ఉద్యోగం తీసేసే యంత్రానికి నేనే పాఠం చెప్పాను. చెబుతూ చెబుతూ దాని లోపల ఏముందో చూశాను. పని పూర్తయిన రోజు ఆయన వైర్లు చుట్టుకుంటూ, "సుగుణ గారూ, మా దగ్గరికి వచ్చేయండి. మీకు వినడం తెలుసు. నా దగ్గరున్న కుర్రాళ్లకు స్క్రూలు బిగించడం తప్ప ఏమీ రాదు" అన్నారు. అలా వెళ్లినదాన్ని, పని మానేసేదాకా అక్కడే ఉన్నాను.

లోపలి అడ్రసు, బయటి అడ్రసు

పని గురించి కొంచెం చెప్పకపోతే ముందుకు పోలేం. దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్ ఒకటి ఊహించుకోండి. 'రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం' అంటే లోపల ఉన్నవాళ్లందరికీ తెలుస్తుంది. ఊరి నుంచి పచ్చడి పంపే తల్లికి ఆ మాట చెబితే ఏం లాభం? ఆమెకు వీధి పేరు, బిల్డింగ్ పేరు కావాలి. పార్సిల్ గేటు దాకా వస్తే, అది ఏ మంచానికో చూసి వార్డెన్ పంపిస్తుంది. ఎవరిదో తెలియని పార్సిల్‌ను లోపలికి రానివ్వదు.

ఆఫీసులో ఫోన్ సర్వర్ కూడా అలాగే ఉంటుంది. దానికి తెలిసింది లోపలి అడ్రసు ఒక్కటే. గేటు దగ్గర ఫైర్‌వాల్ రౌటర్ కాపలా ఉంటుంది. బయటి ప్రపంచానికి కనపడే అడ్రసు ఆ రౌటర్‌ది. 'నీ బయటి అడ్రసు ఇది' అని మనం సర్వర్‌కు చెప్పాలి. 'ఫలానా తలుపుల గుండా మాట వస్తుంది, దాన్ని సర్వర్‌కు ఇవ్వు' అని రౌటర్‌కు చెప్పాలి. ఒకదానికి చెప్పి ఇంకొకదానికి మరచిపోయినా పని జరగదు.

ఇంకో చిక్కు ఉంది. ఫోన్ మోగించే కబురు వేరు, మాట వేరు. రెండూ వేర్వేరు దారుల్లో వస్తాయి. 'మీ మాటను ఈ అడ్రసుకు పంపండి' అని మన సర్వర్ ఆ కబురులోనే ఫోన్ కంపెనీకి చెబుతుంది. ఆ అడ్రసు తప్పయినా ఫోన్ మోగుతుంది. ఎత్తుతారు. సెకన్లు నడుస్తాయి. అవతలి మాట మాత్రం ఇంకెక్కడికో పోతుంది. మన మాట అవతలికి శుభ్రంగా చేరుతుంది. పూర్తిగా పాడైన ఫోన్‌ను ఎవరైనా పట్టుకుంటారు. ఇలా సగం పాడైన ఫోన్ మనుషుల మధ్య తగవు పెడుతుంది.

ప్రసాద్ గారి అలవాట్లు

ఆయనకు మంచి అలవాటు ఒకటుండేది. సర్వర్ పెట్టాక రోడ్డు మీదికి వెళ్లి, టీ కొట్టు దగ్గర నిలబడి ఆఫీసుకు ఫోన్ చేసేవారు. "లోపల కూర్చుని లోపలికే ఫోన్ చేసుకుంటే అంతా బాగానే ఉంటుందండీ. ఇబ్బందంతా బయటివాడికి" అనేవారు. ఈ ఒక్క అలవాటు మాకు ఎన్ని అనవసరపు తిరుగుళ్లు తప్పించిందో చెప్పలేను. ఒక కోచింగ్ సెంటర్‌లో ఫోన్లు కాసేపు మాట్లాడాక వాటంతటవే మూగబోయేవి. బయట నిలబడి ఓపికగా మాట్లాడుతూ ఉంటేనే ఆ తప్పు కనపడింది. ఫోన్లకు సాయం చేస్తానంటూ రౌటర్‌లో ఒక సెట్టింగ్ ఉండేది. అది మధ్యలో దూరి అడ్రసులు తిరగరాస్తోంది. దాన్ని ఆపేస్తే సరిపోయింది. "చూశారా, అడగకుండా చేసే సాయం" అని ఆయన నవ్వారు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉండేది. మన వల్ల తప్పు జరిగితే కస్టమర్‌కు చెప్పేవారు కాదు. సరిచేసి, 'లైన్ కొంచెం డిస్టర్బ్ అయిందండీ' అనేసి వచ్చేసేవారు. "కస్టమర్‌కు భయం నేర్పకూడదు" అనేది ఆయన మాట. నేనూ ఎదురు చెప్పలేదు. ఆ చిన్న దాపరికాల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది తప్పని కూడా నాకు అనిపించలేదు.

ఎవరూ మాట్లాడని ఫోన్లు

ఎల్బీ నగర్‌లో సత్తిరెడ్డి గారని ఒకాయన ఉండేవారు. వాళ్ల తాతలనాటి పొలం మీదే ఇప్పుడాయన మూడంతస్తుల బిల్డింగు ఉంది. మొదటి అంతస్తులో హోం అటెండర్ల ఏజెన్సీ నడిపేవారు. మంచాన పడ్డవాళ్లను, పెద్దవాళ్లను ఇంట్లో చూసుకోవడానికి మనుషులను పంపే ఆఫీసు. అటెండర్లలో ఎక్కువమంది నల్గొండ వైపు ఆడవాళ్లు. ఏం అవసరమొచ్చినా ఆఫీసు నంబరుకే ఫోన్ చేయాలని వాళ్లకు రూలు. ఆ ఫోన్లు ఎత్తేది కవిత అనే సూపర్‌వైజర్. అక్కడ సర్వర్‌ను ప్రసాద్ గారే స్వయంగా పెట్టారు.

'కొన్నిసార్లు ఫోన్ ఎత్తితే ఎవరూ మాట్లాడడం లేదు' అని అక్కడి నుంచి కంప్లయింట్ వచ్చింది. నేను వెళ్లాను. లోపల చూశాను, కిందికి దిగి రోడ్డు మీది నుంచి చేశాను. మాట గంట కొట్టినట్టు వినపడింది.

"ఫోన్ల తప్పు కాదు మేడం, గీ అటెండర్ల తప్పు" అంది కవిత. చురుకైన మనిషి. ఒక చెవిలో ఫోన్ పెట్టుకునే నాతో మాట్లాడుతోంది. "ఫోన్ చేసినట్టు రికార్డు పడాలె, మాట్లాడొద్దు. తర్వాత ఏమన్న అయితే 'నేను చేసిన, మీరే ఎత్తలే' అంటరు. నేను గిట్లాంటివి చానా చూసిన."

బయట బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు స్వరూప. ముప్పై దాటి ఉంటాయి. నేను లోపలికి వెళ్లేటప్పుడూ అక్కడే ఉంది, కిందికి దిగేటప్పుడూ అక్కడే ఉంది. ఆమెను పనిలో నుంచి తీసేశారని, సార్‌ను కలవాలని మళ్లీ మళ్లీ వస్తోందని కవిత చెప్పింది.

సత్తిరెడ్డి గారు నన్ను గదిలోకి పిలిచి, ఆమెను కూడా రమ్మన్నారు. "గీ మేడం ఫోన్ల సంగతి తెలిసినామె. ఈమె ముంగట చెప్పు, ఏమైందో" అన్నారు.

స్వరూప గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. మూసారాంబాగ్‌లో ఒక పెద్దాయనను చూసుకునేది. ఆయన కూతురు ఆఫీసుకు పోయాక ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. ఆ రోజు పెద్దాయనకు ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైంది. కూతురికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసుకు చేసింది.

"కవిత మేడమే ఎత్తింది సార్. 'హలో, హలో' అన్నది. నేను చెప్తనే ఉన్న. పెట్టేసింది. మళ్ల చేసిన, మళ్ల గట్లనే. మూడోసారి సుత గంతే. ఇగ ఆగుతె లాభం లేదని ఆటో పిలిచి దవాఖానకు తీస్కపోయిన."

పెద్దాయన బతికాడు. కానీ కూతురు ఇంటికి వచ్చేసరికి తాళం వేసి ఉంది, తండ్రి లేడు, ఛార్జింగ్ అయిపోయిన స్వరూప ఫోన్ కలవలేదు. ఆమె భయపడి ఏజెన్సీకి ఫోన్ చేస్తే, 'మాకేం తెలియదు, మాకు చెప్పనే లేదు' అన్నారు. పేషెంటును చెప్పకుండా ఇల్లు దాటించడం ఆ ఆఫీసులో అన్నిటికన్నా పెద్ద తప్పు. స్వరూపను తీసేశారు. చెప్పాపెట్టకుండా పేషెంటును తీసుకుపోయిన మనిషని పేరు పడింది కాబట్టి, చుట్టుపక్కల వేరే ఏజెన్సీలు కూడా పని ఇవ్వలేదు.

"ఒక్క ముక్క ఇనబడలే సార్, ఒట్టు" అంది కవిత. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇనబడితె పెట్టేస్తనా? నేనేమన్న మనిషిని కాదా?"

"కంప్యూటర్ల చూసిన" అన్నారు సత్తిరెడ్డి గారు. "కాల్ ఒచ్చింది, కవిత ఎత్తింది. ఫోన్ మంచిగనే కలిసింది. కలిసినంక మాట్లాడకపోతె ఎవరి తప్పు మేడం? ఫోన్ల ఏమన్న ఖరాబుందా?"

స్వరూప వైపు తిరిగి, "ఆమె హలో అన్నది నీకు బాగా వినపడిందా?" అని అడిగాను.

"మంచిగ ఇనబడ్డది మేడం. పక్కన కూసున్నట్టే."

బోర్డు ముందు గడిపిన ఏళ్లలో నేను అబద్ధాలు చాలా విన్నాను. ఫోన్ చేయనివాళ్లు 'ఎంగేజ్ వచ్చింది' అంటారు, 'ఎవరూ ఎత్తలేదు' అంటారు. 'ఆమె మాట నాకు వినపడింది, నా మాట ఆమెకు వినపడలేదు' అని ఎవరూ కల్పించి చెప్పరు. అది కల్పించాలంటే మా పని తెలిసి ఉండాలి. వీళ్లిద్దరూ నిజమే చెబుతున్నారేమోనని అప్పుడు అనిపించింది.

"ఆ రోజు ఇక్కడ ఇంటర్నెట్ ఏమైనా పోయిందా?" అని కవితను అడిగాను.

"పోలే మేడం. బయట రోడ్డు తవ్వి పెద్ద లైన్ తెంపిండ్రు గని, రెండో లైన్ ఉన్నది కదా. కంప్యూటర్లన్నీ నడిచినయ్."

మెట్ల మీద ఫోన్

సర్వర్ తెరిచి చూశాను. బయటి అడ్రసు అన్నచోట పెద్ద లైన్ అడ్రసు ఒక్కటే రాసి ఉంది.

ఆ ఆఫీసుకు రెండు ఇంటర్నెట్ లైన్లున్నాయి. పెద్దది తెగితే రౌటర్ చడీచప్పుడు లేకుండా రెండోదానికి మారిపోతుంది. రెండోదాని అడ్రసు వేరు. ఆ మార్పు రౌటర్‌కు తెలుసు, సర్వర్‌కు తెలియదు. అది ఫోన్ కంపెనీకి ఎప్పటిలాగే 'మాటను పెద్ద లైన్ అడ్రసుకు పంపండి' అని చెబుతుంది. ఆ లైన్ తెగి రోడ్డు మీద గుంటలో పడి ఉంటుంది. స్వరూప మూడుసార్లు చెప్పిన మాట అక్కడికే పోయింది. అంతకుముందు అలా జరిగినప్పుడల్లా ఆఫీసువాళ్లు 'సిగ్నల్ బాలేదు' అనుకుని తమ మొబైళ్లు తీసేవాళ్లు. లైన్ బాగయ్యేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

మెట్ల మీదికి వచ్చి ప్రసాద్ గారికి ఫోన్ చేశాను.

"అయ్యో. రెండో లైన్ తర్వాత వేయించుకున్నారండీ. నేను వెళ్లి రౌటర్‌లో కలిపి వచ్చాను, సర్వర్ ముట్టుకోలేదు" అన్నారు. వెంటనే, "సరే, మార్చేసి టెస్ట్ చేసి వచ్చేయండి. లైన్ డిస్టర్బెన్స్ అని చెప్పండి చాలు" అన్నారు.

"నేను ఇప్పుడు మార్చేస్తే తప్పు ఉండదు సార్. తప్పు లేకపోతే ఈ అమ్మాయి చెప్పింది అబద్ధమే అవుతుంది."

"ఏ అమ్మాయండీ?"

చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆపాక, లైన్ ఉందా పోయిందా అని నేనే 'హలో' అనాల్సి వచ్చింది.

"ఏదీ ముట్టుకోకండి. నేను వస్తున్నాను" అన్నారు చివరికి.

ఆయన మెట్రో ఎక్కి వచ్చేలోపు నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ఆయన వచ్చి ఏదో సర్దిచెప్పి, నా చేతే సరిచేయించి తీసుకుపోతారేమోనని భయం వేసింది. అలా జరిగితే నేనేం చేయాలో కూడా ఆలోచించుకున్నాను. అయినా చెప్పేసేదాన్ననే అనుకుంటున్నాను. కానీ ఆ అవసరం రాలేదు కాబట్టి, చెప్పేదాన్నని గొప్పలు పోను.

కిటికీలో నుంచి

ప్రసాద్ గారు చెమటలు తుడుచుకుంటూ మెట్లెక్కారు. సత్తిరెడ్డి గారికి నమస్కారం పెట్టి, నేరుగా స్వరూప దగ్గరికి వెళ్లారు.

"నీకు ఆవిడ మాట వినపడింది, ఆవిడకు నీ మాట వినపడలేదు. అంతేనా అమ్మా?"

"అంతే సార్."

ఆయన నా వైపు ఒకసారి చూశారు. తర్వాత సత్తిరెడ్డి గారితో, "ఈ సర్వర్ పెట్టింది నేనండీ. ఇప్పుడు మీ ముందే ఒక వైరు తీస్తాను. చూడండి" అన్నారు.

పెద్ద లైన్ వైరు తీసేశారు. కంప్యూటర్ల మీద ఒకరిద్దరు తలెత్తి చూశారు, అంతలోనే ఇంటర్నెట్ మళ్లీ వచ్చింది. ఫోన్లు రెండో లైన్ మీద కుదురుకోవడానికి కాసేపు ఆగాం. స్వరూపను కిందికి వెళ్లి రోడ్డు మీది నుంచి ఆఫీసుకు ఫోన్ చేయమన్నాం.

ఫోన్ మోగింది. కవిత ఎత్తింది.

"హలో... హలో..."

మేమందరం కిటికీ దగ్గర నిలబడ్డాం. కింద టీ కొట్టు పక్కన స్వరూప ఫోన్ చెవికి ఆనించుకుని మాట్లాడుతోంది. మాట్లాడుతోందని కనపడుతూనే ఉంది. రెండో చెయ్యి ఊపుతోంది, బస్సుల రొదలో వినపడదేమోనని గొంతు పెంచి వంగి మరీ చెబుతోంది. కవిత చేతిలోని రిసీవర్‌ను సత్తిరెడ్డి గారు తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. విన్నారు. కిటికీలో నుంచి కిందికి చూశారు. మళ్లీ విన్నారు.

"ఏం ఒస్తలేదు" అన్నారు. రిసీవర్ పెట్టకుండా అలాగే పట్టుకుని, "స్వరూపా, పైకి రా బిడ్డా" అన్నారు అందులోకే. కింద ఆమె వెంటనే ఫోన్ దించి మెట్ల వైపు నడిచింది.

ఆ నడవడం చూసి కవిత కుర్చీలో కూర్చుండిపోయింది.

"అంటే మీ తప్పుకు నేను ఈ పిల్లను పనిల నుంచి తీసేసిననా?" అని సత్తిరెడ్డి గారు ప్రసాద్ గారి మీద గట్టిగా అరిచారు. ఆఫీసంతా వినపడింది.

"అవునండీ" అన్నారు ప్రసాద్ గారు. లైన్ అనలేదు, డిస్టర్బెన్స్ అనలేదు. "రెండో లైన్ వచ్చినప్పుడు నేను చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

స్వరూప పైకి వచ్చింది. కవిత లేచి ఎదురెళ్లి, "స్వరూపా, నీ మాట నాకు నిజంగనే ఇనబడలే" అంది.

"తెలుస్తుంది మేడం" అంది స్వరూప. తర్వాత మెల్లగా, "మీ మాట మాత్రం నాకు ఇనబడ్డది" అంది.

కవితకు అర్థం కాలేదు.

"రెండోసారి చేసినప్పుడు మీరు పక్కామెతోని అన్నరు. 'స్వరూపనే గావచ్చు, దానికి రోజూ ఏదో ఒక నాటకం' అన్నరు. గది ఇన్నంక మూడోసారి చేసిన మేడం. పెద్దాయనకు దమ్ము ఆడకపోతుంటె ఏం చెయ్యాలె?"

కవిత కాదనలేదు. అన్నానని కూడా అనలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

సరిచేసిన పని

సరిచేయడం కూడా ఒక్కసారిగా కాలేదు. బయటి అడ్రసు అన్నచోట అంకెలు తీసేసి ఒక పేరు పెట్టాం. ఆ పేరు వెనక ఇప్పుడు ఏ లైన్ అడ్రసు ఉందో సర్వర్ కొద్దికొద్ది సేపటికి అడిగి తెలుసుకుంటుంది. లైన్ మారినప్పుడు ఆ పేరును కొత్త అడ్రసుకు తిప్పే పని రౌటర్‌కు అప్పగించాం. టెస్ట్ చేస్తే ఇంకా మాట రాలేదు. ప్రసాద్ గారు సర్వర్‌ను మళ్లీ చూస్తుంటే, రౌటర్ నేను చూశాను. మాట వచ్చే తలుపులు పెద్ద లైన్ వైపే తెరిచి ఉన్నాయి. రెండో లైన్ వైపు తెరిచి, స్వరూపనే మళ్లీ కిందికి పంపాం. ఈసారి ఆమె గొంతుతో పాటు బస్సు హారన్ కూడా వినపడింది.

పిల్లలూ, మీరు ఎక్కడ సర్వర్ పెట్టినా, అన్నీ బాగున్నప్పుడు చేసిన టెస్టును టెస్టనుకోకండి. వైరు మీ చేత్తో తీసి చూడండి. కస్టమర్ కొత్త లైన్ వేయించుకున్నా, రౌటర్ మార్చుకున్నా, ఆ పని మీది కాకపోయినా వెళ్లి సర్వర్‌లో అడ్రసు చూడండి. కంప్యూటర్‌లో కాల్ కనపడినంత మాత్రాన ఇద్దరు మాట్లాడుకున్నట్టు కాదు. ఫోన్ కలిసిందని మాత్రమే దానికి తెలుసు. ఇంకోటి, వాడేవాళ్లదే తప్పని ఆఫీసువాళ్లు చెబితే వినండి కానీ, ఆ వాడేవాళ్లను కూడా పిలిచి అడగండి. తప్పు ఎక్కడుందో చాలాసార్లు వాళ్ల నోటనే వస్తుంది.

ప్రసాద్ గారి గురించి నన్ను అడిగితే, ఆయన నాకు నేర్పినవాటిలో ఆ ఒక్క 'అవునండీ' కన్నా పెద్దది లేదంటాను. దానివల్ల మాకు నష్టం జరగలేదని మాత్రం అనను. సత్తిరెడ్డి గారు ఆ ఆఫీసు పని మా దగ్గరే ఉంచారు కానీ, అబ్దుల్లాపూర్‌మెట్‌లో తెరిచిన కొత్త బ్రాంచి పని వేరేవాళ్లకు ఇచ్చారు. ప్రసాద్ గారు ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కస్టమర్‌కు భయం నేర్పకూడదన్న మాట కూడా ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు.

ఆ తర్వాత

సత్తిరెడ్డి గారు తప్పు తెలిస్తే దిద్దుకునే మనిషి. మరునాడే ప్రసాద్ గారిని వెంటబెట్టుకుని మూసారాంబాగ్ వెళ్లి, పెద్దాయన కూతురికి జరిగింది చెప్పారు. ఆమె మొదట కోప్పడిందట. తర్వాత, 'స్వరూప ఎక్కడుంది? నాన్న ఆమె కోసమే అడుగుతున్నాడు' అందట. స్వరూపకు పని ఇవ్వని ఏజెన్సీలన్నిటికీ సత్తిరెడ్డి గారే ఫోన్ చేసి చెప్పారు.

స్వరూప వెంటనే రాలేదు. "ఆలోచన చేస్త సార్" అని వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఒప్పుకుంది, ఆ పెద్దాయన ఇంటికే వెళ్తానంది. సార్‌ను ఒక్కటే అడిగింది. ఎవరి మాటైనా వినపడకపోతే పెట్టేసి ఊరుకోవద్దని, ఆ నంబరుకు ఆఫీసువాళ్లే మొబైల్ నుంచి తిరిగి చేయాలని.

కవిత, స్వరూప స్నేహితులేమీ కాలేదు. పని ఉన్నంతవరకే మాట్లాడుకునేవాళ్లు. దానికి మేం పెట్టగలిగే సెట్టింగ్ ఏదీ లేదు.

నేను పని మానేసే ముందు ఒకసారి ఆ ఆఫీసుకు కొత్త ఫోన్లు పెట్టడానికి వెళ్లాను. బల్ల కింద వైర్లు సర్దుతున్నాను. పైన ఫోన్ మోగింది. కవిత ఎత్తి "హలో" అంది. మళ్లీ "హలో" అంది. తప్పు మాదేమోనని నేను తల బయటపెట్టాను. అవతలివాళ్లు ఎక్కడో సిగ్నల్ లేనిచోట ఉన్నారు, అంతే.

పక్క కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి, "ఎవరో సతాయిస్తున్నరు మేడం, పెట్టెయ్యుండ్రి" అంది.

కవిత ఆమెను చేత్తో ఆపింది. ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుని, ఒక్కో మాట విడమరిచి చెప్పింది.

"మీ మాట మాకు ఇనబడ్తలేదమ్మా. మా మాట మీకు ఇనబడుతుండొచ్చు. పరేషాన్ కావొద్దు. పెట్టుండ్రి, ఇప్పుడే నేను చేస్త."

పెట్టేసి తన మొబైల్ తీసి, నంబరు చూసుకుంటూ నొక్కడం మొదలుపెట్టింది.